కట్ట మీద పరుగు

అనంతపురంలో పరుగెత్తడానికి మంచి చోటు ఏదని అడిగితే ఎవరైనా స్టేడియం పేరో, యూనివర్సిటీ ఆవరణ పేరో చెబుతారు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లకు ఆ మైదానాలే దిక్కు. అదే మైదానం చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తినవాళ్లు, లారీ హారన్ వినపడని చోట గుట్టల మధ్య ఓ గంట పరుగెత్తాలనుకునేవాళ్లు మాత్రం పల్లెదారి పట్టాలి. అక్కడ వాళ్లకు దొరికే అత్యుత్తమమైన దారి చెరువు కట్ట.

కట్ట వేసినవాళ్ల మనసులో పరుగు లేదు, నీళ్లే ఉన్నాయి. అయినా నీళ్ల కోసం వాళ్లు పడ్డ ప్రతి జాగ్రత్తా ఆరు వందల ఏళ్ల తర్వాత మన పాదానికి పనికొస్తోంది. గుడి స్తంభం పనితనం చూడాలంటే ఎదురుగా నిలబడితే చాలు. కట్ట పనితనం నిలబడి చూస్తే కనపడదు. దూరం నుంచి అదొక మట్టి దిబ్బ. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తినవాడికే ఆ పని ఎంత తెలివైనదో తెలిసొస్తుంది. ఈ వ్యాసం ఆ పని గురించి.

గుట్ట, వంక, కట్ట

రెండు రుతుపవనాలూ వదిలేసిన నేల ఇది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇక్కడికి చేరేసరికి చిక్కిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అన్న మాట ఇక్కడి పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటారు. ఆ వాన కూడా నెలల తరబడి మొహం చాటేసి, ఒకటి రెండు రాత్రుల్లో కుమ్మరించి పోతుంది. బోడిగుట్టల మీద పడిన నీరు ఇంకదు. రాతి మీద నుంచి జారి, వంకలో కలిసి, తెల్లారేసరికి పొలిమేర దాటుతుంది. 2022 అక్టోబరులో అనంతపురం లోతట్టు కాలనీల్లోకి నీళ్లు దూసుకొచ్చినప్పుడు బయటివాళ్లు కరువు జిల్లాలో వరదేమిటని ఆశ్చర్యపోయారు. సీమవాళ్లకు ఆ రెండూ కొత్త కాదు.

ఇక్కడి గుట్టలు వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండవు. మైదానం మధ్య విడివిడిగా లేస్తాయి. రెండు గుట్టల మధ్య సందులోంచి వంక పారుతుంది. ఆ సందును మట్టితో మూసేస్తే నీళ్లు నిలుస్తాయి. చెప్పడానికి ఇంత తేలిక. ఆ మూసిన మట్టి వందల ఏళ్లు నిలవాలంటే మాత్రం నేలను చదవడం రావాలి.

అనంతపురం పుట్టుకే ఇందుకు సాక్ష్యం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరు అనే ఏరుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే పెరిగి అనంతపురమైంది. జిల్లాకు పేరిచ్చిన ఊరు ఒక చెరువు కట్ట చివర పుట్టిందన్నమాట. చిత్రావతి మీద బుక్కపట్నం, ధర్మవరం చెరువులదీ ఇదే పద్ధతి: ఏరు, దానికి అడ్డంగా మట్టి, ఆ మట్టిని నమ్ముకుని ఊరు. 2022లో జిల్లా రెండయ్యాక ఆ రెండు చెరువులూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి గానీ కట్టల తీరు ఒక్కటే.

కాలికి తెలిసే మట్టం

కట్ట ఎక్కి పరుగు మొదలుపెట్టిన కాసేపటికే తెలిసే మొదటి సంగతి మట్టం. కాలి కింద ఎత్తూ పల్లం ఉండవు. ఈ సీమలో పల్లె దారులన్నీ ఎక్కుతూ దిగుతూ పోతాయి. వంకలోకి దిగితే అడుగు బారెడవుతుంది, గట్టెక్కితే జానెడవుతుంది, ఊపిరి లయ ఎప్పటికప్పుడు చెదురుతుంది. కట్ట మీదికి రాగానే ఆ చెదురుడు ఆగిపోతుంది. ఇటు చివర అందుకున్న లయ అటు చివరిదాకా అలాగే సాగుతుంది. ఇంత గుట్టల నేలలో అంత పొడవున సమంగా ఉన్న నేల ఇంకెక్కడా దొరకదు.

ఆ సమం అందం కోసం చేసింది కాదు. మట్టి కట్ట పక్క నుంచి ఎన్ని నీళ్లు ఆనినా ఓర్చుకుంటుంది, నెత్తి మీదుగా దూకితే మాత్రం ఓర్చుకోలేదు. నెత్తిన ఎక్కడైనా జానెడు పల్లం ఉంటే పెద్ద వరద మొదట అక్కడే దూకుతుంది. దూకిన నీరు బయటి వాలును కోస్తుంది. కోసినకొద్దీ గండి వెడల్పవుతుంది, వెడల్పైనకొద్దీ ఇంకా నీరు దూకుతుంది. ఏళ్ల తరబడి చేసిన పని కొన్ని గంటల్లో పోతుంది. అందుకే కట్ట నెత్తిన ఏ చోటా ఇంకో చోటుకు తీసిపోకూడదు. మనకు హాయిగా అనిపించే ఆ చదును, పోసినవాళ్లకు చావుబతుకుల లెక్క. పైగా ఇదంతా తగ్గుతూ పోయే పదార్థంతో చేయాలి. కొత్తగా పోసిన మట్టి వానకు కుంగుతుంది, బండ్ల కింద అణుగుతుంది. ఎక్కడ కుంగిందో చూసి ఏటేటా మళ్లీ పోయకపోతే ఆ మట్టం నిలవదు. చదునుగా ఉన్న పాత కట్ట ఒక్కసారి చేసి వదిలేసిన పని కాదు. తరాల తరబడి ఆగకుండా చేస్తూ వచ్చిన పని.

రెండో సంగతి నేల గట్టితనం. తారు రోడ్డు మీద వేసిన ప్రతి అడుగు దెబ్బా తిరిగి మోకాలికే తగులుతుంది. దున్నిన చేలో అయితే మడమ దిగబడి పిక్క లాగేస్తుంది. బాగా పోసిన కట్ట ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. అడుగును పట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. వడ్డెలు గడ్డపారలతో తవ్విన మట్టిని గంపలకెత్తి, పొర మీద పొరగా పోసి, తడిపి, మనుషుల చేతా పశువుల చేతా తొక్కించి, దిమ్మిసలతో కొట్టి గట్టిపరిచిన నేల ఇది. ఏ మట్టి ఎక్కడ వేయాలన్నదీ లెక్కే. నీరు దూరకుండా ఆపేది జిగట మట్టి, కాని అది ఎండకు బీటలు వారుతుంది. గరుసు బీటలివ్వదు గానీ నీటిని ఆపలేదు. ఈ రెండింటినీ ఎక్కడ ఎంత వాడాలో తెలియడమే మట్టిపని రహస్యం. కట్ట నెత్తిన ఎర్ర గరుసు పరుచుకున్న చోట వాన వెలిసిన గంటకే పరుగెత్తవచ్చు, బూటుకు బురద అంటదు. నల్లమట్టి పైకి తేలిన చోట రెండు రోజులు ఆగాల్సిందే.

మూడో సంగతి వంపు. పాత కట్టలు చాలావరకు గీత గీసినట్టు తిన్నగా పోవు. మెత్తని నేల వచ్చిన చోట పక్కకు తప్పుకుంటాయి, బండ దొరికిన చోటికి వెళ్లి దాన్ని పట్టుకుంటాయి. ఇప్పటి కాలువ గట్ల మీద యంత్రాలు వేసిన దారి కిలోమీటర్ల కొద్దీ తిన్నగా సాగుతుంది. దాని మీద పరుగెత్తేవాడికి ఎంత పరుగెత్తినా కదలనట్టే ఉంటుంది. చెరువు కట్ట మీద ప్రతి మలుపు దగ్గరా చూపు మారుతుంది. ఒక మలుపులో నీళ్లూ కొంగలూ, ఇంకో మలుపులో కింద ఆయకట్టు వరిమడులు, మరో మలుపులో ఎదురుగా గుట్ట. పోసినవాడు రాతి జాడను వెతికాడు. మనకు విసుగులేని దారి మిగిలింది.

రాళ్లు, తూము, మరువ

ఇక పరుగు ఆపి కూర్చుని చూడాల్సినవి మూడు.

ఒకటి లోపలి వాలు మీద పేర్చిన రాళ్లు. చెరువు నిండినప్పుడు గాలికి లేచే అలలు రాత్రీ పగలూ మట్టిని నాకుతూ ఉంటాయి. ఆ దెబ్బ రాళ్లు తీసుకుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ రాళ్లు చెక్కినవి కావు, సున్నంతో అతికినవీ కావు. గుట్ట నుంచి తెచ్చిన గుండ్లనే వెడల్పు మొహం బయటికి, సన్న కొస మట్టిలోకి ఉండేటట్టు దింపారు. రెండు పెద్ద రాళ్ల మధ్య మిగిలిన సందులో చిన్న రాతి పెచ్చు బిగించారు. ఆ పెచ్చు పంటి సందులో ఇరుక్కున్న పీచు లాంటిది, వేలితో లాగితే రాదు. పెద్ద రాయిని కదలనివ్వకుండా పట్టుకున్నది అదే. సున్నం పెట్టకపోవడంలోనూ తెలివుంది. చెరువు మట్టం దిగేటప్పుడు కట్ట తాగిన నీరు మళ్లీ లోపలికి కారి పోవాలి. సందులు మూసేస్తే ఆ నీరు వెనక నుంచి రాళ్లను తోసేస్తుంది. గరుకుగా ఉన్న ముఖం అలను విరగ్గొడుతుంది, నున్నగా ఉంటే అల పైకి పాకుతుంది. మొరటుగా కనిపించే ఆ పేర్పు ఎంతో ఆలోచించి చేసింది.

రెండోది తూము. విజయనగర కాలం నాటి తూములు చాలాచోట్ల ఇంకా నిలబడి ఉన్నాయి. నీళ్లలో నిలువుగా రెండు రాతి కంబాలు, వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకలకు బెజ్జాలు. ఆ బెజ్జాల గుండా కిందికి దిగిన కర్ర, కర్ర కొసన బిరడా. కర్రను పైకి లాగితే అడుగున రంధ్రం తెరుచుకుని కట్ట కింద కాలువలోకి నీరు పోతుంది. ఎంత ఎత్తితే అంత నీరు. పలకల బెజ్జాలన్నీ ఒక్క వరసలో ఉండాలి, లేదంటే కర్ర పట్టేస్తుంది. మసకబారిన రాయిలో ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వరస తప్పలేదు. తూము దగ్గరే కట్టకు అసలు ప్రమాదం. మట్టీ రాయీ కలిసే చోట నీరు సన్నని దారి వెతుక్కుంటుంది. అందుకే తూము చుట్టూ మట్టిని మిగతా చోట్ల కన్నా శ్రద్ధగా కొట్టేవారు. దాని ఆలనా పాలనా నీరుగంటిది. ఏ మడికి ఎంతసేపు నీళ్లో అతని నోటి లెక్క, అతనికి కూలి రైతుల కళ్లంలోని గింజలు.

మూడోది మరువ. కోస్తాలో, తెలంగాణలో అలుగు అంటారు, సీమలో మరువ అన్న మాటే ఎక్కువ. చెరువు నిండాక మిగులు నీరు పోయే దారి. మరువ మట్టం కట్ట నెత్తి కన్నా తక్కువ ఉండాలి. ఎంత తక్కువ అన్నదే పెద్ద లెక్క. ఎక్కువ తగ్గిస్తే చెరువులో నీళ్లు నిలవవు, తక్కువ తగ్గిస్తే వరద కట్ట మీదికి వస్తుంది. దీనికి పాతవాళ్లు చేసిన ఉపాయం చూడండి. మరువ మీద వరసగా పొట్టి రాళ్లు నిలబెట్టారు. వానాకాలంలో వరద భయం ఉన్నన్నాళ్లు వాటి సందులు తెరిచి ఉంచుతారు. వరద భయం తగ్గాక ఆ సందులను మట్టితో, గడ్డితో మూసి ఇంకో మూరెడు నీరు ఆపుకుంటారు. తలుపులూ చక్రాలూ లేని గేటు అది. పరుగెత్తేవాడికి మరువ దగ్గర దారి తెగుతుంది, రాతి మీదికి దిగి అటు ఎక్కాలి. ఎండాకాలంలో అది సరదా. మరువ పారుతున్న రోజున మాత్రం అక్కడే వెనక్కి తిరగాలి. మోకాలి లోతు నీరు కూడా మనిషిని తోసేయగలదు.

రాతి మీద రాసిపెట్టిన పాఠం

ఇంత పనితనం వెనక శాస్త్రం ఉందా, అలవాటు మాత్రమేనా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో దానికి జవాబు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించి శక సంవత్సరం 1291లో, అంటే 1369లో, శాసనం వేయించాడు. బుక్కరాయసముద్రం కట్టకు అయిదేళ్ల తర్వాతి మాట. రెండేళ్ల పాటు రోజూ వెయ్యి మంది కూలీలు పని చేశారనీ, వంద బండ్లు తిరిగాయనీ ఆ శాసనం చెబుతుంది. అంతటితో ఆగకుండా మంచి చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలు, రాకూడని ఆరు దోషాలు వరసగా చెప్పింది.

ఆ పన్నెండింటిలో ధర్మం తెలిసిన రాజుకు ఎంత చోటుందో నీటి శాస్త్రం తెలిసిన పండితుడికీ అంతే చోటుంది. గట్టి మట్టి ఉన్న నేల, దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు, కట్టకు రెండు వైపులా ఆనుకునే కొండ, వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గరలోనే పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని, కింద సమంగా ఉన్న పొలాలు, చివరికి పని తెలిసిన మనుషుల గుంపు. దోషాలలో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం మిగతావి. పొలిమేర మీద చెరువు వద్దన్న మాట చూస్తే వాళ్లకు నీటి శాస్త్రంతో పాటు నీటి తగాదాలూ ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

పోరుమామిళ్ల చెరువు ఇప్పటికీ ఉంది. కొండల మధ్య సందులను మట్టికట్టలు కలుపుతాయి. ఆ జాబితా చేతిలో పెట్టుకుని మన జిల్లాలో ఏ పాత కట్ట మీదికి వెళ్లినా ఒక్కొక్క లక్షణమే ఎదురవుతుంది. పరుగుదారిగా కట్ట ఎందుకు బాగుంటుందో కూడా అందులోనే ఉంది. కొండకు ఆనుకోవడం వల్ల ఆ చివరా ఈ చివరా ఎక్కడానికి గుట్ట దొరుకుతుంది, మరీ పొడవు లేకపోవడం వల్ల వెళ్లి తిరిగి రావడానికి సరిపోతుంది, గట్టి మట్టి వల్ల కాలు నిలుస్తుంది.

ఇంత తెలిసినా కట్టలు తెగకుండా ఉండలేదు. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ఊరి కోసం ప్రాణం ఇచ్చిందన్న కథ అనంతపురం పుట్టిన ఆ కట్టదే. సి.పి. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలోని ఆ కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి చదువుకునే రోజుల్లోనే ‘ముసలమ్మ మరణము’ రాశారు. తెలుగులో ఆధునిక కావ్యాలకు అది తొలి అడుగు అన్న పేరు తెచ్చుకుంది. ముసలమ్మ కట్ట అన్న పేరు ఇప్పటికీ జనం నోట ఉంది, అక్కడ అమ్మకు మొక్కుతారు. కథలో నిజం ఎంతన్నది అలా ఉంచితే, ఒక కట్ట తెగితే ఊరికి ఏమవుతుందో తెలిసినవాళ్లు చెప్పుకున్న కథ అది. ఆ భయమే కట్టను ఇన్నాళ్లు నిలబెట్టింది.

ఫ్రాన్సులోనూ ఇదే

నీళ్ల కోసం చేసిన పని పరుగుదారి కావడం మన దగ్గరే జరిగింది కాదు. దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నుంచి మధ్యధరా తీరం వైపు సుమారు 240 కిలోమీటర్లు సాగే కనాల్ దు మిడి అనే కాలువ ఉంది. పియేర్ పాల్ రికే అనే ఆయన 1666లో మొదలుపెట్టిన పని 1681లో ముగిసింది. మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ వేల సంఖ్యలో మట్టి మోశారు. పడవలను గుర్రాలు లాగడానికి గట్టున వేసిన బాటలో ఇప్పుడు సైకిళ్లు, నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు. ఆ కాలువకు నీళ్లివ్వడానికి కొండల్లో సాన్ ఫెరియోల్ దగ్గర 1667, 1672 మధ్య కట్టిన ఆనకట్ట మనకు ఇంకా దగ్గరి చుట్టం. గుట్టల మధ్య సందు, రాతి గోడలు, వాటి మధ్య కొట్టి నింపిన మట్టి. ఆ జలాశయం చుట్టూ ఉన్న బాట ఇప్పుడు ఆ ప్రాంతంలో పరుగెత్తేవాళ్లకు బాగా ఇష్టమైన దారి. కాలువ మొత్తానికి 1996లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

బుక్కరాయసముద్రం కట్ట దానికి మూడు వందల ఏళ్లు పెద్దది. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. ఫ్రాన్సువాళ్లు 1947 నుంచి తమ పల్లెదారుల పొడవునా చెట్ల మీద, రాళ్ల మీద ఎరుపు తెలుపు గీతలు గీసి, ఏ దారి ఎటు పోతుందో నడిచేవాడికి తెలిసేలా చేశారు. ఆ చిన్న పనితోనే పాత బాటలు బతికాయి. మన కట్టలకు అలాంటి గుర్తులు ఎవరూ పెట్టలేదు. నీళ్లు పోయే దారి తెలిస్తే ఆ గుర్తులతో పని లేదు కూడా.

నీళ్లు చూపే దారి

ఎలాగంటే, సీమలో చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు మరువ పారితే ఆ నీరు వంకలో పడి కింది చెరువుకు చేరుతుంది. దాని మరువ ఇంకో చెరువుకు. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. కాబట్టి పరుగుకు దారి వేసుకోవాలంటే మ్యాపు ముందు పెట్టుకుని తికమకపడక్కర్లేదు. ఒక చెరువు కట్ట మీద మొదలుపెట్టి, మరువ దాకా వెళ్లి, అక్కడి నుంచి వంక గట్టు పట్టుకుని కిందికి సాగితే తర్వాతి చెరువు వెనక భాగానికి చేరతాం. వంక ఎప్పుడూ మెల్లగా దిగుతుంది, కాబట్టి వెళ్లేటప్పుడు కాళ్లకు సుఖం, తిరిగి వచ్చేటప్పుడు కొంచెం కష్టం. ఆ కష్టం వద్దనుకుంటే కింది చెరువు దగ్గర బండి పెట్టి పైకి మొదట పరుగెత్తాలి. ఎక్కుడు ముందు, దిగుడు వెనక. వంక పొడిగా ఉన్న నెలల్లో దాని ఇసుకలోనే కొంత దూరం పరుగెత్తితే చీలమండలు గట్టిపడతాయి.

ఎక్కుడు కావాలనుకునేవాళ్లకు కట్ట చివరన గుట్ట సిద్ధంగా ఉంటుంది. ఇంకా పెద్దది కావాలంటే గుత్తి. మైదానం మీద సుమారు 300 మీటర్లు లేచిన ఆ కొండ కోటకు రాతి బాట, మెట్లు, ఒకదాని తర్వాత ఒకటిగా ద్వారాలు. శత్రువు దూకుడును విరిచేలా వేసిన మలుపులు పరుగెత్తేవాడి దూకుడును కూడా విరుస్తాయి, ప్రతి ద్వారం దగ్గరా ఊపిరి తీసుకోక తప్పదు. పైన మురారిరావు గద్దె అనే చిన్న మంటపం దగ్గర నిలబడితే మైదానమంతా కనపడుతుంది. వాన నీరు పట్టుకోవడానికి బండలో తొలిచిన దొనలూ పైన ఉన్నాయి. 1776లో హైదర్ అలీ ముట్టడికి ఈ కోటను ఏలిన మురారిరావు లొంగిపోవడానికి కారణం కోటలో నీళ్లు అయిపోవడమే. అంత రాతిపని చేసిన కోటను కూడా చివరికి నీళ్లే ఓడించాయి. కింద మైదానంలో మట్టితో చేసిన కట్టలు మాత్రం ఊళ్లను బతికిస్తూనే ఉన్నాయి. ఆ రెండు పనుల్లో నా ఓటు మట్టిపనికే.

పరుగెత్తబోయేవాళ్లకు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కట్టల మీద పరుగుకు అసలైన కాలం. వేసవిలో పొద్దు పొడవకముందే ముగించాలి. ఏడు దాటితే బండలు వేడి కక్కడం మొదలుపెడతాయి, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్ల సీసా తప్పనిసరి. సర్కారు కంప ముళ్లు మామూలు బూటు అడుగును చీల్చుకుని వస్తాయి, మందపాటి అడుగున్న బూట్లు మేలు. గొర్రెల మంద ఎదురైతే ఆగి పక్కకు నిలబడండి. మంద బెదిరితే కాపరికి పూట పని. లోపలి వాలు రాళ్ల మీద గెంతకండి. ఒక పెచ్చు ఊడితే పక్క రాయి వదులవుతుంది, అది వదులైతే వరస కదులుతుంది.

పొద్దున్నే కట్ట మీద పరుగెత్తే కొత్త మనిషిని చూస్తే ఊళ్లో పెద్దవాళ్లు, “ఏం నాయనా, ఎవురన్నా తరుముకుంటా వస్తాండారా?” అని నవ్వుతారు. ఆగి రెండు మాటలు మాట్లాడితే చెరువు ఏ ఏడాది నిండిందో, ఎక్కడ గండి పడిందో, ఏ చోట కట్ట ‘మెత్తంగా’ ఉంటుందో వాళ్లే చెబుతారు. ఆ మాటలు వినాల్సినవి. ఎందుకంటే కట్టను రోజూ కాలితో తొక్కి చూసే మనుషులు తగ్గిపోతున్నారు. చెరువు కట్టినందుకో, మరమ్మతు బాధ్యత మోసినందుకో ఒకప్పుడు దశబంధం ఇనాములుండేవి. ఇనాములు పోయాయి, నీరుగంట్లు తగ్గిపోయారు. బోర్లు వచ్చాక రైతుకు చెరువు మీద చూపు తగ్గింది. కట్టల మీద కంప అలుముకుంది. ఆ కంప వేళ్లు ఎండి కుళ్లిన చోట కట్టలోపల బొరియలు పడతాయి. ఎలుకలు, ఎండ్రకాయలు చేసేవి చేస్తూనే ఉంటాయి.

పోరుమామిళ్ల శాసనం మొదటి దోషంగా చెప్పింది నీరు ఊరడాన్ని. అది కార్యాలయంలో కూర్చుంటే కనపడదు. వారానికి నాలుగు రోజులు అదే కట్ట మీద పరుగెత్తేవాడికి కనపడుతుంది. నిన్న పొడిగా ఉన్న బయటి వాలు ఈరోజు చెమ్మగిల్లిందంటే, కట్ట అడుగున గడ్డి ఒక్కచోట మాత్రమే పచ్చగా ఉందంటే, నెత్తిన అడుగు కొత్తగా కుంగిందంటే అది చిన్న విషయం కాదు. ఊరుతున్న నీరు తేటగా ఉంటే త్వరపడాలి, మట్టి కలిసి మురికిగా వస్తుంటే ఆ క్షణమే పరుగెత్తాలి, ఈసారి ఊళ్లోకి.

కాబట్టి ఒక మనవి. మీ ఊరికి దగ్గరలో ఏ చెరువుందో కనుక్కుని వచ్చే ఆదివారం దాని కట్ట మీద పరుగెత్తండి. పరుగు చేతకాకపోతే నడవండి. చెమ్మ, బీట, బొరియ ఏది కనపడినా ఊళ్లో ఆయకట్టు రైతుకు, జలవనరుల శాఖ లష్కరుకు ఒక మాట చెప్పండి. ఫోనులో ఫొటో తీసి చూపిస్తే ఇంకా మంచిది. మనకు ఇంత మంచి దారిని ఉచితంగా ఇచ్చినవాళ్లకు మనం చెల్లించగల కూలి అంతే.